బామ్మను గోడకెక్కించడం

ఆ స్టూడియోలో ఆమెను అందరూ బామ్మగారనే పిలిచేవారు. నలభై దాటీ దాటకముందే, జుట్టు ఇంకా నల్లగా నిగనిగలాడుతుండగానే ఆ పిలుపు ఆమెకు అంటుకుంది. పిల్లల కోసం తీస్తున్న ఒక బొమ్మల సినిమాలో ముసలావిడకు గొంతు కావలసి వచ్చింది. అనుకున్న ఆర్టిస్టుకు ఆరోజే జలుబు చేసింది. పక్క గదిలో సబ్బు ప్రకటన చదువుతున్న ఈమెను పట్టుకొచ్చి, "కాస్త వణికించి ఒక్క మాట అనండి" అన్నారు. ఆమె అంది. సినిమా ఆడింది, దానికి రెండో భాగం వచ్చింది, మూడోది కూడా వచ్చింది, ఈమె బామ్మగా స్థిరపడిపోయింది. ఇప్పుడు నిజంగానే అమ్మమ్మ అయింది, జుట్టు నిజంగానే నెరిసింది. వణికించమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సినిమాల్లో కథ ఎప్పుడూ ఒకటే. అమ్మా, నాన్నా, అక్కా, తమ్ముడూ, ఒక కుక్క, వాళ్ళకో పాత వ్యాను. మొదటి భాగంలో ఆ వ్యాను సముద్రం అడుక్కి దిగింది. రెండో భాగంలో మబ్బుల మీదికెక్కింది. మూడో భాగంలో చందమామ వెనక వైపు ఎలా ఉంటుందో చూసి రావడానికి పోయింది. బామ్మ మాత్రం ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే. వాళ్ళు బయల్దేరేటప్పుడు "జాగ్రత్త" అంటుంది, తిరిగొచ్చాక "వచ్చారా" అంటుంది, మధ్యలో జనానికి నవ్వు కావలసివస్తే ఒక గురక పెడుతుంది. అంతకుమించి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుక్కకు మాత్రం రెండో భాగంలో ఏకంగా పాట పెట్టారు. బామ్మకు పాట మాట దేవుడెరుగు, కాళ్ళు కూడా లేవు.

వెటకారానికి అనడం లేదు, నిజంగానే లేవు. ఏ పాత్రనైనా గీసేముందు, ముందునుంచీ పక్కనుంచీ వెనకనుంచీ ఎలా ఉంటుందో ఒక షీటు మీద గీసి పెట్టుకుంటారు. ఎంతమంది చేతులు మారినా మనిషి మారకూడదు కదా. మొదటి సినిమాకు టైము చాలక బామ్మ ఒళ్ళో ఒక గళ్ళ దుప్పటి కప్పేశారు. దాని కింద ఏముందో ఎవరూ గీయలేదు. కుర్చీలోంచి లేవని మనిషికి కాళ్ళెందుకని తర్వాత కూడా ఎవరూ పట్టించుకోలేదు. కుక్కకు తోక ఊపడంలోనే రకరకాల షీట్లున్న ఆ ఆఫీసులో బామ్మ మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది.

నాలుగో భాగానికి కబురొచ్చిన రోజు పొద్దున్న ఇంట్లో హడావుడిగా ఉంది. కూతురు ఒక చేత్తో బ్యాగు సర్దుకుంటూ, ఇంకో చేత్తో పిల్ల జడ బిగిస్తూ, "అమ్మా, మోటారు బాగుచేసే అతను వస్తాడు, తలుపు తియ్యి. నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావుగా" అంది.

"ఇవాళ నాకు రికార్డింగుందే."

"ఓ, ఇవాళేనా? సర్లే, రేపు రమ్మంటాను. రేపు ఖాళీయేగా?"

కూతురు మంచిదే, మాటలో విషం లేదు. అయినా ఆ "ఖాళీ" అన్న మాట చెవిలో ఎక్కడో ఇరుక్కుపోయి, బస్సు దిగినా దిగలేదు.

స్టూడియోలో దర్శకుడు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. అతను ఈ సినిమాల మొదటి భాగానికి టీలు మోసి, రెండో భాగానికి సహాయకుడై, ఇప్పుడు అన్నిటికీ పెద్దయ్యాడు. కుర్చీ వేశాడంటేనే ఆమెకు అనుమానమొచ్చింది. ఆ ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పే మాట ఎప్పుడూ మంచిది కాదు.

"బామ్మగారూ, ఈసారి బామ్మను గోడకెక్కిస్తున్నాం."

అది వాళ్ళ మాట. ఒక పాత్రను చంపేసి, తర్వాత కథంతా ఫోటోగా గోడకు తగిలించడాన్ని అక్కడ గోడకెక్కించడం అంటారు. తాతను మొదటి భాగం మొదలుకాకముందే ఎక్కించేశారు. మీసాలతో ఆయన అప్పట్నుంచీ ఆ గోడ మీదే ఉన్నాడు.

"ఎందుకు బాబూ?" అంది.

"మొదటి సీనులోనే పోతుందండీ. పిల్లలు బావురుమంటారు. ఆవిడ జ్ఞాపకంగా కుటుంబం బయల్దేరుతుంది. కథకు బలం. అయినా, ఆవిడ చేసేదేముంది చెప్పండి? ఊరికే కూర్చుంటుంది."

"చెయ్యడానికి మీరేం ఇచ్చారు నాయనా?"

దర్శకుడు నవ్వేశాడు. నవ్వేసే మనిషితో వాదించడం కష్టం. ఆమెకిప్పుడు మిగిలిన పాత్ర అదొక్కటే. అదొక్కటే అన్నది పెద్ద విషయం కాదు, పనులు వస్తాయి, పోతాయి. కానీ ఇన్నేళ్ళుగా గొంతు ఇచ్చీ ఇచ్చీ, ఆ కుర్చీలో కూర్చున్నది తనే అన్నట్టు అయిపోయింది. ఆవిడను గోడకెక్కిస్తామంటే తన మెడకే మేకు కొడుతున్నట్టుంది. ఎలాగైనా ఆవిడను బతికించుకోవాలనిపించింది, ఎలాగో తెలియలేదు.

ఆరోజు ఆమె ఇవ్వాల్సింది ఒక్క నిట్టూర్పు. చివరి నిట్టూర్పు. బొమ్మల సినిమాలో గొంతు ముందు, బొమ్మ తర్వాత. గొంతులో ఏముంటే దాన్నిబట్టి పెదవులూ కళ్ళూ భుజాలూ గీస్తారు. అందుకే నిట్టూర్పు సరిగ్గా పడాలి. అలవాటు ప్రకారం చెప్పులు తలుపు బయట విప్పి, చప్పుడు కాకుండా ఉత్త కాళ్ళతో రికార్డింగు బూత్‌లోకెళ్ళింది. అద్దం అవతల సౌండు చూసే ఆయన చెయ్యెత్తాడు. దోమ రెక్క కూడా వినపడే మనిషి కాబట్టి ఆయన్ని చెవులాయన అంటారు.

ఆమె నిట్టూర్చింది. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి.

"చాలా బతికున్నట్టు వస్తోంది బామ్మగారూ" అన్నాడు దర్శకుడు మైకులోంచి. "కాస్త వదిలెయ్యండి."

"వదిలేస్తున్నాను నాయనా, అది పోనంటోంది."

ఇంతలో అతనికి ఫోను రావడంతో బయటికెళ్ళాడు. ఎలాగూ ఆగారు కదా అని చెవులాయన, "అమ్మా, ఈలోపు గది నిశ్శబ్దం తీసుకుంటాను, కదలకుండా కూర్చోండి" అన్నాడు. ప్రతి గదికీ తన నిశ్శబ్దం తనకుంటుంది. మాటల మధ్య ఖాళీలు అతికించడానికి దాన్ని కూడా పట్టి ఉంచుతారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. మధ్యాహ్నం భోజనం అయివుంది, ఏసీ చల్లగా ఉంది, గోడలకు మెత్తలున్నాయి. ఎవరికైనా కన్నంటుకుంటుంది.

తర్వాత తెలివొచ్చేసరికి చెవులాయన దగ్గుతున్నాడు. దర్శకుడు తిరిగొచ్చాడు. "ఇవాళ్టికి చాలు, మళ్ళీ పిలుస్తాను" అన్నాడు. తను నిద్రపోయినందుకు నాలిక కరుచుకుని ఆమె ఇంటికెళ్ళిపోయింది. ఏదో కల వచ్చినట్టుంది. ఏమిటో గుర్తు లేదు. మంచి కలే అయివుంటుంది, బస్సులో కూడా ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

మళ్ళీ పిలుపొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఆ నిట్టూర్పే అనుకుని బయల్దేరింది. తీరా వెళ్తే బూత్‌కు కాదు, చిన్న థియేటరు గదికి తీసుకెళ్ళారు. దర్శకుడి మొహం చిటపటలాడుతోంది. పక్కన చెవులాయన నేల చూపులు చూస్తున్నాడు. ఓ మూల, వేళ్ళకు పెన్సిలు మసి అంటుకున్న ఒక పిల్ల నిలబడి ఏడుపు ఆపుకుంటోంది. బామ్మ సీన్లు గీయమని కొత్తగా పెట్టుకున్న బొమ్మలమ్మాయి.

జరిగిందేమిటంటే, ఆమె నిద్రలో మాట్లాడింది. చెవులాయన వింటూ, లేపబుద్ధి కాక, రికార్డరు ఆపలేదు. తీసింది నిశ్శబ్దమే కదా అని ఆ ముక్కకు "బామ్మ నిశ్శబ్దం" అని పేరు రాసి, మిగతావాటితో పాటు బొమ్మల విభాగానికి పంపేశాడు. అక్కడ సీన్లకు అలాంటి పేర్లే ఉంటాయి. అమ్మ కోపం, కుక్క పాట, తమ్ముడి అబద్ధం. బొమ్మలమ్మాయి అది కూడా ఒక సీను అనుకుంది. గొంతు వచ్చిందంటే గీయాలి. గీసేసింది.

"స్క్రిప్టులో లేనిది ఎవరైనా గీస్తారా? ఒక్కరైనా నన్నడిగారా?" అని దర్శకుడు ఎవరిననకుండా అందరినీ అన్నాడు. "మీరూ చూడండి బామ్మగారూ."

లైట్లు ఆర్పారు.

తెర మీద రంగులింకా వెయ్యలేదు. తెల్ల కాగితం మీద పెన్సిలు గీతలు సన్నగా వణుకుతున్నాయి. వ్యాను మలుపు తిరిగి కనుమరుగైంది. కిటికీ పక్క కుర్చీలో బామ్మ. అప్పుడు తన గొంతే, తానెప్పుడూ వినని తన గొంతు, మెత్తగా, నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు వినిపించింది.

"వెళ్ళారా... అందరూ వెళ్ళారా... హమ్మయ్య."

బామ్మ ఒళ్ళు విరుచుకుంది. లేచి నిలబడింది. ఇన్ని సినిమాల్లో మొదటిసారి.

"దుప్పటీ, కాసేపు నా బదులు నువ్వు కూర్చోవే. ఎవరైనా వస్తే గురక పెట్టు."

దుప్పటి బుద్ధిగా కుర్చీలో బామ్మ ఆకారంలోనే కూర్చుని గురక మొదలుపెట్టింది. చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బామ్మ పాదాలు నేల మీద పడ్డాయి. వెడల్పాటి పాదాలు, చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి ఉంది. ఆమె తెలియకుండానే తన కాళ్ళకేసి చూసుకుంది.

"మీరు బూత్ బయట చెప్పులు విప్పుతుంటే చూశానండీ" అంది బొమ్మలమ్మాయి గుసగుసగా. "షీటులో ఏం లేవు. ఏదో ఒకటి గీయాలి కదా అని..."

"బాగా గీశావు తల్లీ. నా కాళ్ళు నాకంటే నువ్వే బాగా చూశావు."

తెర మీద తలుపు చప్పుడైంది. గుమ్మంలో సముద్రం నిలబడి ఉంది. అంత పెద్ద సముద్రం, చుట్టమింటికొచ్చిన మనిషిలా బిడియంగా, అంచులు పైకెత్తి పట్టుకుని.

"ఓ, నువ్వా. రా, రా. కాళ్ళు తుడుచుకుని రా, ఇల్లంతా తడి చేస్తావు. అవునే, నిన్ను చూడ్డానికే కదా వాళ్ళు అంత దూరం పోయారు. నువ్విక్కడుంటే అక్కడ వాళ్ళకేం కనపడుతుంది?"

సముద్రం గుమ్మం ముందు పట్టా మీద అలలు తుడుచుకుంది. వెనకే మబ్బు వచ్చింది. "తల వంచుకో, గుమ్మం తగుల్తుంది" అంది బామ్మ. మబ్బు తల వంచుకుని, గదంతా నిండిపోయి, గోడ మీది తాత ఫోటోను కాస్త తడిపింది. ఆఖరున చందమామ వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక బల్ల అంచున కూర్చుంది.

"నీ వీపు చూడ్డానికి పోయారట మావాళ్ళు. పోనీలే, మొహం నాకు చూపించు. ఆఁ... అబ్బ, ఎంత చక్కగా ఉన్నావే."

బయట వాన పడుతోందో, తెర మీది మబ్బే కురుస్తోందో తెలియడం లేదు. ఆమెకు కల ఇప్పుడు గుర్తొస్తున్నట్టే ఉంది, గుర్తు రానట్టూ ఉంది. ఇల్లు ఖాళీ అయ్యాక తన ఇంట్లోకి కూడా మధ్యాహ్నం ఎండ ఇలాగే వచ్చి కూర్చుంటుంది. నడవలోంచి నెమ్మదిగా గదిలోకి జరుగుతుంది. దానితో తనేమైనా మాట్లాడుతుందా? మాట్లాడుతుందేమో. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అందుకని తనూ ఎప్పుడూ ఆలోచించలేదు.

బామ్మ గుమ్మం దగ్గరికొచ్చి వెనక్కి తిరిగింది. ముగ్గురు అతిథులూ లేచారు.

"పదండి మరి" అంది గొంతు.

చెవులాయన దగ్గు వినిపించింది. తెర తెల్లబోయింది. అక్కడితో గొంతు ఆగింది కాబట్టి బొమ్మ కూడా ఆగింది.

లైట్లు వేశాక దర్శకుడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, "బాగాలేదని నేననను" అన్నాడు. "చాలా బాగుంది. కానీ దీన్ని ఉంచాలంటే బామ్మ బతికుండాలి. పోనీ బతికే ఉందనుకుందాం. 'పదండి' అంది. ఎక్కడికి? సగంలో తెగిపోయిన సీను పెడితే జనం ఊరుకోరు. ఎక్కడికెళ్ళిందో చెప్పండి, ఇప్పుడే రికార్డు చేద్దాం. చెప్పలేకపోతే మాత్రం, ఏమీ అనుకోకండి, నిట్టూర్పు సీనే ఖాయం."

బొమ్మలమ్మాయి ఆమెకేసి చూసింది. ఆ చూపులో ఆశ చూసి ఆమెకు భయమేసింది. ఇన్నాళ్ళూ ఒక్క మాట ఇవ్వండి అని అడగాలనుకుంది. ఇప్పుడు ఎన్ని మాటలైనా చెప్పమంటున్నారు. నోట్లో ఒక్కటీ లేదు.

బూత్‌లోకెళ్ళింది. "నదికి పోదాం పదండి" అంది. నప్పలేదు. "కొండెక్కుదాం" అంది. సముద్రాన్ని కొండెక్కించడమేమిటని తనకే అనిపించింది. "పాత స్నేహితురాలింటికి" అంది. మాట చెక్కముక్కలా పడింది. కళ్ళు మూసుకుని నిద్రపోవడానికి కూడా ప్రయత్నించింది. రమ్మంటే వచ్చే నిద్ర ఎవరికుంది? ఒక కన్ను తెరిచి చూస్తే అద్దం అవతల ముగ్గురూ ఊపిరి బిగబట్టి తననే చూస్తున్నారు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తన చేతులారా ఆవిడను గోడకెక్కిస్తున్నాననిపించింది.

దర్శకుడికి ఓపిక అయిపోయింది. మైకు నొక్కాడు.

"బామ్మగారూ, చిన్న విషయమండీ. అందరూ వెళ్ళాక ఆవిడ ఎక్కడికెళ్ళింది? అంత చెప్పలేనిదేముంది? ఎక్కడికెళ్ళింది?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఎప్పట్నుంచి పేరుకున్న మంటో, ఆ బూత్‌లో, ఆ మైకు ముందు అంటుకుంది. గొంతు వణికించలేదు. అసలు అది బామ్మ గొంతే కాదు, ఇంట్లో మాట్లాడే సొంత గొంతు.

"మీరందరూ వ్యాను వేసుకుని సముద్రాలకీ మబ్బులకీ పోయారే, ఏనాడైనా ఎందుకని గానీ ఎక్కడికని గానీ నేనడిగానా? జాగ్రత్త అన్నాను. వచ్చారా అన్నాను. ఇన్నేళ్ళూ అదేగా అన్నాను. నేను కూర్చున్నంతకాలం ఏం చేస్తున్నావని ఒక్కరూ అడగలేదు. ఒక్కసారి గడప దాటేసరికి ఎక్కడికి, ఎక్కడికి అని ఇంత రాద్ధాంతమా? చెప్పను. వెళ్ళాను, వచ్చాను. ఇంతకీ మీరేమన్నా తిన్నారా లేదా?"

చివరి మాట నోటికి అలవాటుగా వచ్చేసింది. వచ్చాక తనే ఆశ్చర్యపోయింది.

అద్దం అవతల బొమ్మలమ్మాయి ఎప్పుడు తీసిందో కాగితం తీసి, వంగిపోయి గబగబా గీస్తోంది.

"పట్టావా?" అని దర్శకుడు మెల్లిగా అడగడం మైకులో వినిపించింది.

"మొత్తం పట్టాను" అన్నాడు చెవులాయన.

"ఈసారి దీనికి నిశ్శబ్దమని పేరు పెట్టకు." అతను మైకు వైపు తిరిగాడు. "బామ్మగారూ, వాళ్ళు తిరిగొచ్చాక ఈ మాట. సినిమాలో ఆఖరి మాట ఇదే. ఇంకేం వద్దు. ఎక్కడికెళ్ళిందో మనం చెప్పం." ఒక్క క్షణం ఆగి, ఎవరితోనో, "ఆ బామ్మ ఫోటో గీసి పెట్టారు చూడండి, దాన్ని గోడ మీంచి దించేయండి" అన్నాడు.

ఆమె మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలింది. ఈసారి సంతోషంతో. ఆవిడ బతికింది. కాళ్ళతో సహా బతికింది.

కాసేపటికి తేరుకుని బయటికొచ్చేసరికి నడవలో దర్శకుడు గోడకానుకుని ఫోను చేస్తున్నాడు. ఆమెను చూడలేదు. వాళ్ళమ్మ అతనితోనే, అతనింట్లోనే ఉంటుందని ఆమెకు తెలుసు. ఒకసారి స్టూడియోకు కూడా వచ్చింది. ఆవిడది పెద్ద గొంతు, ఫోను దాటి నడవంతా వినిపిస్తోంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడతను.

"ఏమైందిరా? ఏమన్నా మర్చిపోయి వెళ్ళావా?"

"లేదమ్మా."

"మరేం కావాలి?"

"ఏం వద్దు. ఊరికే. నువ్వేం చేస్తున్నావో అడుగుదామని చేశాను."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని అతను ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేనా?" అంది ఆవిడ. ఈసారి గొంతు చిన్నగా ఉంది. "ఉండరా. స్టవ్వు కట్టేసి వస్తాను."